అధ్యక్షురాలి శాలువా

ఒంటిమీద చొక్కా కూడా బరువనిపించే ఒమాన్‌లో శాలువాలకు అంత గిరాకీ ఏమిటో బయటివాళ్ళకు అర్థం కాదు. అక్కడ మబేలాలో ఏ తెలుగువాడి బీరువా తెరిచినా కవరు విప్పని శాలువా ఒకటైనా ఉంటుంది. ఉగాదికి ఒకటి, బతుకమ్మకు ఒకటి, రక్తదాన శిబిరానికి ఒకటి. రక్తం ఇచ్చినవాడికి జ్యూసు ప్యాకెట్టు, ఇప్పించినవాడికి శాలువా. కప్పించుకున్న పెద్దమనిషి ఫొటో అయ్యేదాకా చెమటలు కక్కుతూ నిలబడతాడు, ఆనక మడిచి కవరులో పెట్టేస్తాడు. అలా చేతులు మారి మారి కొన్ని శాలువాలు మొదట కొన్నవాడి భుజాల మీదికే తిరిగొస్తాయని సాజిదా అనేది. ఆమె దర్జీ. అంచు కుట్టు చూసి గుర్తుపట్టేది.

సాజిదాది కడప వైపు ఒక చిన్న పట్నం. ఇంట్లో దక్కనీ, వీధిలో సీమ తెలుగు. ఆమె రాజకీయాల్లోకి వచ్చిన తీరు కూడా శాలువా కథలాంటిదే. భర్త ఖమరుద్దీన్ వార్డు కౌన్సిలర్‌గా నిలబడాలని పోస్టర్లు వేయించుకున్నాక ఆ వార్డును ఆడవాళ్ళకు రిజర్వు చేశారు. పోస్టర్లు పారేయడం దండగని ఆయన తన ఫొటో అలాగే ఉంచి, కింద పేరు మాత్రం మార్పించాడు. జనం ఆయన మొహం చూసి ఆమెకు ఓటేశారు.

గెలిచాక ఊరంతా ఆయన్ని "కౌన్సిలర్ సాబ్" అన్నారు. సాజిదా పేరున్న రబ్బరు స్టాంపు ఆయన జేబులో ఉండేది. "భద్రంగా ఉంటుంది బేగం" అనేవాడు. ఒకసారి ఆమె తానే మునిసిపల్ ఆఫీసుకు వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ బెంచీ చూపించి, "కూర్చోమ్మా, కౌన్సిలర్ సాబ్ లోపల మీటింగులో ఉండాడు" అన్నాడు. ఆమె కూర్చుంది. కూర్చుని, పక్కన ఉన్న ముసలామె పింఛను గొడవ విని, ఇంటికొచ్చి ఆ పని చేయించింది. ముందు గదిలో సాబ్ గారి దర్బారు జరుగుతుంటే, వార్డు ఆడవాళ్ళు పెరటి గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్ళు. కుళాయి, డ్రైనేజీ, రేషన్ కార్డు, తాగుబోతు మొగుడు, అన్నీ పెరట్లోనే తేలేవి.

తర్వాతి ఎన్నికలకు వార్డు జనరల్ అయింది. ఈసారి ఖమరుద్దీన్ తన పేరు మీదే నిలబడ్డాడు. పెరటి గుమ్మానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒక్కరూ ఆయనకు ఓటెయ్యలేదు. డిపాజిట్ పోయింది. ఆ సిగ్గుతో ఒమాన్ వచ్చి స్కూలు బస్సు డ్రైవరయ్యాడు. వెనకే సాజిదా వచ్చింది, కుట్టు మిషను మోసుకుని.

మొదట్లో తెలిసినవాళ్ళకు జాకెట్లు కుట్టింది. తర్వాత ఒక ఒమానీ ఆవిడతో కలిసి, బలదియాలో, అంటే అక్కడి మునిసిపాలిటీలో, కాగితాలన్నీ సరిచేసుకుని మబేలాలో కొట్టు తెరిచింది. స్కూలు యూనిఫాములు, సైట్లో పనిచేసేవాళ్ళ కవరాల్స్, పండగలకు ఒమానీ ఆడవాళ్ళ ఎంబ్రాయిడరీ గౌన్లు. అరబీ మాట్లాడడం కొలతలు తీస్తూ నేర్చుకుంది. కారు లైసెన్సు పరీక్ష తప్పీ తప్పీ పాసయింది. కరోనాకు అంతా మూసేసినప్పుడు మాస్కులు కుట్టింది, కొట్టు వెనక వంట చేసి రూముల్లో చిక్కుకున్నవాళ్ళకు పంపింది. ఆ పొట్లాలు పట్టుకుని సంఘం పెద్దలు దిగిన ఫొటోలు నేటికీ వాళ్ళ ఫోన్లలో ఉన్నాయి. పొట్లాలు కట్టిన మనిషి ఒక్క ఫొటోలోనూ లేదు. పొయ్యి దగ్గర ఉంది.

సంఘమంటే మబేలా తెలుగు స్నేహ సంఘం. అందులో ఆమె మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఒక పెద్దమనిషి బొట్టులేని నుదురు చూసి, "ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్, మీరు తెలుగువారేనా?" అని అడిగాడు.

"మీటింగంతా ఇంగ్లీషులో నడిపినారు గదన్నా, ముందు మీరేందో చెప్పండి" అంది సాజిదా. ఆ తర్వాత ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మహిళా విభాగం కన్వీనర్ని చేసి వంటల బాధ్యత అప్పగించారు.

ఆ సంఘంలో రెండు వర్గాలు. ఒకటి ఓంకార్‌ది. జగిత్యాల మనిషి, శానిటరీ సామాను షోరూమ్ మేనేజరు. రెండోది వీరబ్రహ్మానిది. కోస్తా మనిషి, ఏసీలు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. అధ్యక్ష ఎన్నికలో ఇద్దరికీ ఓట్లు సమానంగా వచ్చాయి. చీటీ వేద్దామంటే చీటీ ఎవరు తీయాలన్నదాని మీద కుర్చీలు లేచాయి. చివరికి ఇద్దరికీ ఒకే ఉపాయం తట్టింది: ఆడమనిషిని పెడదాం. సాజిదాను పెడితే మతసామరస్యం కూడా కలిసొస్తుంది. ఆ మాట చెప్పడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు, ఆమె కొట్టుకు కాదు, ఖమరుద్దీన్ బస్సు దగ్గరికి.

"కమరన్నా, అక్కను ప్రెసిడెంట్ జేద్దామనుకుంటున్నం" అన్నాడు ఓంకార్. "పేరుకే. పనులన్ని మనమే జూసుకుందం."

"పేరుకే అంటే, అందులో నాకు అనుభవం ఉండాదప్పా" అన్నాడు ఖమరుద్దీన్. బస్సు అద్దంలో చూసుకుని మీసం దువ్వుకున్నాడు కూడా.

అలా సాజిదా అధ్యక్షురాలయింది. సంఘానికి ఉన్న ఆస్తి రెండే: లెటర్‌హెడ్ల కట్ట, ఒక సీలు. ఎన్నిక గొడవలో ఒకరి మీద ఒకరికి నమ్మకం చెడి, కట్ట ఓంకార్ పట్టుకుపోయాడు, సీలు వీరబ్రహ్మం పట్టుకుపోయాడు. ఒకరి దగ్గర కాగితం, ఒకరి దగ్గర ముద్ర, ఇద్దరికీ మాటల్లేవు. ఆ సంఘం ఎవరికైనా ఒక ఉత్తరం ముక్క రాసివ్వాలంటే దేవుడు దిగి రావాలి. అధ్యక్షురాలి దగ్గర టేపూ కత్తెరా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే సముద్రం ఒడ్డు ఊరు షినాస్ నుంచి కనకవ్వ ఫోను చేసింది.

కనకవ్వది సిరిసిల్ల పక్క పల్లె. షినాస్‌లో చేపల వ్యాపారం చేసే ఖల్ఫాన్ ఇంట్లో అతని తల్లిని చూసుకుంటుంది. సాజిదా దగ్గర జాకెట్లు కుట్టించుకోవడంతో మొదలైన పరిచయం. ఆరోజు ఆమె ఏడుస్తూ మొదలుపెట్టింది.

"బిడ్డా, మనుమనికి జుట్టు నడుం దాక వొచ్చింది. రెండు జడలేసి రిబ్బన్లు కడుతున్నరు. అంగన్‌వాడికి తోల్కపోతే ఆడివిల్లల వరుసల కూసోవెట్టిన్రట."

"తీయించెయ్యమను అవ్వా, అంతే గదా."

"గట్లెట్ల తీస్తరు? పుట్టెంటికలు. ఎములాడ రాజన్న కాడ నా ఒళ్ళె కూసోవెట్టుకొని తీపిస్తనని మొక్కిన. మూడో ఏడు దాటవోతున్నది. నాలుగో ఏట తియ్యరాదు, సరి ఏడు. మల్ల ఐదో ఏడు దాక జడలేనాయె."

"నువ్వేమో ఒమాన్‌లో ఉండావు. మొక్కేటప్పుడు, ఎవరో ఒకరి ఒళ్ళో అని మొక్కుంటే సరిపోయేది గదా?"

"దేవునితోని గట్ల జారుకునే మాటలు మాట్లాడుతరా బిడ్డా? నువ్వు గూడ రా, రాజన్న గుళ్ళె దర్గా సుత ఉన్నది. ఇద్దరం మొక్కుకుందం."

మొక్కుకు అడ్డు యజమాని కాదు. ఖల్ఫాన్ సెలవిచ్చాడు, టికెట్టు తానే తీస్తానన్నాడు. అడ్డు పాస్‌పోర్టు. పోతుందేమోనన్న భయంతో కనకవ్వే దాన్ని ఖల్ఫాన్‌కిచ్చి బీరువాలో పెట్టమంది. ఇప్పుడు బీరువాలో లేదు. ఇల్లంతా వెతికారు. కొత్తది తెప్పించాలంటే కాగితాలు తిరిగి తిరిగి వచ్చేసరికి మూడో ఏడు గడిచిపోతుంది. సంఘం నుంచి ఒక ఉత్తరం ఎంబసీకి పట్టుకెళితే పని తొందరగా అవుతుందని ఎవరో చెప్పారట.

"నువ్వు పెసిడెంటువైనవంట గద బిడ్డా. గంత పెద్ద పదవి వొచ్చినంక ఒక్క ముద్ర కొట్టియ్యలేవా?"

సాజిదా ముందు ఓంకార్ దగ్గరికి వెళ్ళింది. అతను వార్షికోత్సవం ఫ్లెక్సీ చూసుకుంటున్నాడు. నిజ్వాలో పేరున్న ఒక తెలుగు కాంట్రాక్టరు ముఖ్య అతిథి.

"లెటర్‌హెడ్ ఎంత పని అక్కా, ఇస్త. గని ఫ్లెక్సీల నా ఫొటో ముందు రావాలె. ప్రెసిడెంట్‌గ నువ్వు ఒక్క మాట చెప్పు."

వీరబ్రహ్మం దగ్గరికి వెళ్ళింది.

"సీలుదేముందమ్మా, మీరడిగితే కాదంటానా? కాకపోతే ఫ్లెక్సీలో ఆ ఓంకార్ మొహం నా మొహానికి ముందు రాకూడదండి. తమరు అధ్యక్షులు, తమరొక్క మాటంటే చాలు."

"గుండ్రంగా వేయించండన్నా ఫొటోలన్నీ, గడియారం మాదిరి. ముందూ ఉండదు, వెనకా ఉండదు" అంది సాజిదా.

ఇద్దరూ ఒప్పుకున్నారు. సాయంత్రానికి మళ్ళీ గొడవ వచ్చింది, పన్నెండు దగ్గర ఎవరు, ఆరు దగ్గర ఎవరు అని. ఆరు దగ్గర వేస్తే తల కిందులుగా వస్తుందేమోనని వీరబ్రహ్మానికి నిజంగానే భయం పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చారు: ఉత్తరం సంగతి వార్షికోత్సవం అయ్యాక చూద్దాం. ఆలోపు పాస్‌పోర్టు ఎక్కడికీ పోదు. నిజమే మరి, అది అప్పటికే పోయింది.

వార్షికోత్సవం శుక్రవారం. అదే శుక్రవారం పొద్దున సాజిదా కారు తాళం తీసుకుంది.

"ఎక్కడికి బేగం? సాయంత్రం స్టేజీ మీద నువ్వుండాలి గదా" అన్నాడు ఖమరుద్దీన్. అప్పటికే ఆయన షేర్వానీ ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"షినాస్‌కు. ఉత్తరం లేకపోతే పోయె, నోరుంది గదా. వెతుకుతా, అడుగుతా."

"మరి నీ కుర్చీ?"

ఆమె షేర్వానీ వంక చూసింది. "నువ్వు లేవా?" అంది.

బాతినా తీరం వెంట షినాస్ దూరమే. ఆమె చేరేసరికి జుమ్మా నమాజు అయిపోయింది. ఖల్ఫాన్ మర్యాదగా కూర్చోబెట్టి, వెతికిన చోట్లన్నీ మళ్ళీ చూపించాడు. బీరువా, అరలు, వలలు దాచే గది. అతని తల్లి ఉమ్మ్ ఖల్ఫాన్ కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. వచ్చినావిడ దర్జీ అని తెలియగానే, పండక్కి గౌను కావాలి, కొలత తీయమంది. కాదనడమెందుకని సాజిదా టేపు తీసింది.

మెడ దగ్గర నల్లదారానికి ఒక తాళంచెవి తగిలింది. మంచం కింద ఇత్తడి మేకుల చెక్కపెట్టె ఉంది. పాతకాలం ఇళ్ళలో పెళ్ళికూతురితో వచ్చే పెట్టె.

"కొత్త పాస్‌పోర్టు వచ్చేసరికి ఆలస్యమవుతుంది" అని ఖల్ఫాన్ అవతల నుంచి అంటున్నాడు.

"కొత్తది ఎందుకు? పాతది ఎక్కడో భద్రంగానే ఉంటుంది" అంది ముసలామె, ఎటో చూస్తూ.

సాజిదా చేతిలో టేపు ఆగింది. కొడుకు ఆ మాట పట్టించుకోలేదు. ఆమె పట్టించుకుంది. తన స్టాంపు ఎవరి జేబులోనో భద్రంగా ఉండగా ఐదేళ్ళు కౌన్సిలర్‌గిరీ చేసిన మనిషి ఆమె. భద్రంగా ఉందని ఎవరైనా అంటే, అది ఎవరి దగ్గర ఉందో వెంటనే తెలుస్తుంది.

ఖల్ఫాన్‌ను కాఫీ తెమ్మని పంపి, మంచం పక్కన కింద కూర్చుంది. "అమ్మా, వెళితే తిరిగి రాదనుకుంటున్నావా?" అని అరబీలో మెల్లగా అడిగింది.

ముసలామె మెడలోని తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుంది. తర్వాత అంది: "ముందున్న పిల్ల కూడా ఒక్క నెలే అంది. దాని ముందుది కూడా. కనకం వెళితే నా జడ ఎవరు వేస్తారు?"

అప్పుడు చూసింది సాజిదా. తెల్లని వెంట్రుకలు, నూనె పెట్టి దువ్వి, సన్నగా రెండు జడలు. చివర రిబ్బను. కనకవ్వ మనవడికి వేయాలనుకుని వేయలేకపోయిన ముచ్చటంతా ఇక్కడ తీర్చుకున్నట్టుంది.

గుమ్మంలో నిలబడ్డ కనకవ్వకు అరబీ కొద్దికొద్దిగా వస్తుంది. సంగతి అర్థమై, పరుగున వచ్చి ముసలామె మోకాళ్ళు పట్టుకుంది. తిట్టాలో ఏడవాలో తెలియని మొహం.

"నీ అయ్య ముసల్దానా! నువ్వేనా దాసింది? బీరువలన్ని నాతోనే ఎతికిపిస్తివి గదనే!" అని తెలుగులోనే అంది. ముసలామె అంతా అర్థమైనట్టు తలూపింది.

"వెళ్ళమను" అంది చివరికి. "కానీ అది వచ్చేదాకా ఒక మనిషిని నా దగ్గర ఉంచి వెళ్ళమను. జీతానికి కాదు, నమ్మకానికి."

సాజిదా ఆలోచించింది. సంఘానికి కార్యవర్గం ఉంది, సలహా మండలి ఉంది, యువజన విభాగం ఉంది, సేవా విభాగానికి టీషర్టులు కూడా ఉన్నాయి. వీళ్ళలో ఎవర్ని కూర్చోబెట్టాలి?

"నేనుంటా" అంది.

"నువ్వు ఏం చేస్తుంటావు?"

"కొట్టు ఉంది. దాన్ని శ్రీలత అని నా దగ్గర కుట్టే పిల్ల చూసుకోగలదు. ఇంకా... మా సంఘానికి ప్రెసిడెంటును."

"అంటే ఏం పని?"

సాజిదా నిజాయితీగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "ఇప్పటిదాకా ఏమీ లేదు" అంది.

"అయితే ఉండు" అని ముసలామె మెడలో తాళంచెవి తీసి ఇచ్చింది.

సరిగ్గా ఆ సాయంత్రమే మబేలాలో వార్షికోత్సవం ఘనంగా జరిగింది. అధ్యక్షురాలు రాలేదని ఎవరూ కంగారుపడలేదు. కంగారు దేనికి? భర్త వచ్చాడు కదా. మన ఊళ్ళల్లో సర్పంచు గారంటే ఎవరో, ఎంపీటీసీ గారంటే ఎవరో అందరికీ తెలిసిందే. ఖమరుద్దీన్‌ను తెచ్చి నడిమి కుర్చీలో కూర్చోబెట్టారు. ఫ్లెక్సీ మీద కూడా, మధ్యలో వేయడానికి అధ్యక్షురాలి ఫొటో దొరక్క, ఆయన ఫొటోనే వేశారు, కింద ఆమె పేరుతో. ఆయనకది కొత్తేమీ కాదు. నిజ్వా కాంట్రాక్టరు ఆయన భుజాల మీద ఎర్రంచు శాలువా కప్పి, "అధ్యక్షుల వారి సేవలు మరువలేనివి" అన్నాడు. ఆ సేవలేవో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఖమరుద్దీన్ మైకు పట్టుకుని, "నేను కౌన్సిలర్‌గా ఉన్నప్పుడు" అని మొదలుపెట్టి, భోజనాలు చల్లారేదాకా దిగలేదు.

తర్వాత ఫోను చేశాడు. "బేగం, శాలువా కప్పినారు! నువ్వు చూసుండాల్సింది. ఎప్పుడొస్తున్నావు?"

"నెల పడుతుంది" అంది సాజిదా, ముసలామె జడ చివర రిబ్బను ముడేస్తూ.

పెట్టెలోంచి తీసిన పాస్‌పోర్టుతో కనకవ్వ వెళ్ళిపోయింది. కొట్టు నుంచి కుట్టు మిషను షినాస్‌కు వచ్చింది. దర్జీ వచ్చిందని తెలిసి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బట్టలు తెచ్చారు. వాళ్ళిళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు, ఒంగోలు వాళ్ళు, నిర్మల్ వాళ్ళు, వాళ్ళ వెనకే వచ్చారు. ఒకామెకు బతాకా, అదే అక్కడి గుర్తింపు కార్డు, రెన్యువల్, ఒకామెకు ఇంటికి ఫోను కలవడం లేదు, ఒకామెకు పన్ను నొప్పి. ఖల్ఫాన్ ఇంటి వెనక గుమ్మం దగ్గర చెప్పుల వరస పెరిగింది. ఉమ్మ్ ఖల్ఫాన్ మంచం అటు తిప్పించుకుని, ఒక్క మాట అర్థం కాకపోయినా ప్రతి తగువూ విని తీర్పు చెప్పేది.

మబేలాలో సంఘం కూడా జోరుగా నడిచింది. అధ్యక్షురాలి ఆధ్వర్యంలో క్రికెట్ పోటీ జరిగింది. అధ్యక్షురాలి ఆధ్వర్యంలో పిల్లలకు చిత్రలేఖనం జరిగింది. వాట్సాప్ గ్రూపులో చదివి సాజిదాకే తెలిసేది, తాను ఎంత పనిచేస్తోందో. ఆమె ఊళ్ళో లేదన్న సంగతి నెల మొత్తంలో ఒక్కడు కనిపెట్టాడు: ఖల్ఫాన్ దగ్గర చేపలు కొని మబేలాలో అమ్మే యాకూబ్. అతను సంఘంలో సభ్యుడు కాదు.

ఒక శుక్రవారం ఖమరుద్దీన్ షినాస్ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. వెనక గుమ్మం దగ్గర చెప్పులు చూసి కాసేపు అక్కడే ఆగిపోయాడు. ఆయనకు పాత ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది. గుమ్మం దగ్గరున్న ఆడవాళ్ళు, ఈయనెవరో పని మీద వచ్చాడేమో అనుకుని, "కూసో అన్నా, ప్రెసిడెంటమ్మ లోపల ఉన్నది" అని పక్కకు జరిగి చోటిచ్చారు. ఖమరుద్దీన్ కూర్చున్నాడు. తన వంతు వచ్చేదాకా కూర్చున్నాడు.

"ఇది నీది" అని కవరు ముందు పెట్టాడు. "నాకు కప్పినారు గానీ... నీదే."

సాజిదా శాలువా విప్పి అంచు చూసింది. నవ్వింది. "ఇది పోయినేడు ఉగాదికి వీరబ్రహ్మానికి కప్పినదే. ఈ మూల ఊడితే నేనే వేసినా కుట్టు."

ఏసీ గాలికి ముసలామె మోకాళ్ళు పట్టేస్తున్నాయని పొద్దున్నుంచీ గోల. ఆమె చెయ్యి చాచి శాలువా లాక్కుని కాళ్ళ మీద పరుచుకుంది. చేత్తో నిమిరి చూసింది. బాగుందంది.

మరో వారానికి ఎములాడ నుంచి వీడియో వచ్చింది. గుళ్ళో జనం, మంగలి, కనకవ్వ ఒడిలో గుండుతో గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లవాడు. పక్కన ఆకులో రెండు జడలు, రిబ్బన్లతో సహా. ఉమ్మ్ ఖల్ఫాన్ దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసి, కోడలిని పిలిచి చూపించి, "మగపిల్లాడే!" అంది. ఇన్నాళ్ళూ కనకం తనకు మనవరాలి ఫొటోలు చూపిస్తోందనుకుందట.

అన్నట్టుగానే కనకవ్వ తిరిగొచ్చింది, లడ్డూల పొట్లంతో. ముసలామె పలకరించలేదు. మొహం అటు తిప్పుకుని, జడ వేయమని వీపు చూపించింది. కనకవ్వ దువ్వెన అందుకుంది.

సాజిదా మిషను కారులో పెట్టించుకుంది. బయల్దేరుతుంటే ఓంకార్ ఫోను: "అక్కా, శాలువా కమరన్న కాడున్నదా? రేపు రక్తదాన శిబిరం. కొత్తది దొరకలేదు."

ఆమె మంచం వైపు చూసింది. ఎర్రంచు శాలువా మోకాళ్ళ మీద ఉంది. మీద లడ్డూ పొడి రాలింది. అది ఇవ్వవా అమ్మా అని అడిగింది సాజిదా, ఎందుకైనా మంచిదని.

ఉమ్మ్ ఖల్ఫాన్ దాన్ని ఇంకాస్త పైకి లాక్కుంది.

"నా దగ్గర భద్రంగా ఉంటుంది" అంది.